తుఫాను మృతుల లెక్కను ఎలా చదవాలి, తప్పనిపిస్తే ఎలా అడగాలి

తుఫాను తీరం దాటిన మర్నాడు పేపరు తెరవగానే అందరూ వెతికేది ఒకటే: ఎంతమంది పోయారు? నేను జిల్లా పేజీలు చూసే రోజుల్లో ఆ అంకె కోసం రాత్రి పదకొండింటికి కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసేవాళ్లం. రెవెన్యూ వాళ్లు ఒకటి చెప్పేవాళ్లు, పోలీసులు ఇంకొకటి చెప్పేవాళ్లు. ఎడిషన్ వెళ్లిపోయే టైమ్‌కి రెండింట్లో ఏదో ఒకటి వేసేసేవాళ్లం. మర్నాటి నుంచి మంత్రులు అదే అనేవాళ్లు, అసెంబ్లీలో అదే చదివేవాళ్లు. వారం తర్వాత ఎవరో ఒకాయన వచ్చి "మా ఊళ్లో ఇంకో ముగ్గురున్నారు బాబూ, వాళ్ల పేర్లు రాలేదు" అంటే, వాళ్లను ఎక్కడ ఎక్కించాలో ఎవరికీ తెలిసేది కాదు. ఆ ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

ఉదాహరణకు ప్యూర్టో రికో మీద విరుచుకుపడ్డ మరియా హరికేన్‌ను తీసుకుంటున్నాను. కరీబియన్ సముద్రంలో అమెరికా ఏలుబడిలో ఉన్న దీవి అది. జనాభా అప్పటికి 33 లక్షల చిల్లర, అంటే మన ఒక జిల్లా అంత. అక్కడి ప్రభుత్వం మొదట చెప్పిన లెక్కకూ, చివరికి అదే ప్రభుత్వం ఒప్పుకున్న లెక్కకూ మధ్య ఏం జరిగిందో అంతా కాగితాల మీద ఉంది. ఎవరు ఏం అడిగారు, ఎలా లాగారు అన్నది మెట్టు మెట్టుగా చూడొచ్చు. ఆ మెట్లు మన ఊళ్లోనూ పనికొస్తాయి.

ముందు ఒక నోట్‌బుక్ తీయండి

నాలుగు గళ్లు గీయండి. తేదీ, సంఖ్య, చెప్పిందెవరు, ఏ మాటతో చెప్పారు. ఈ నాలుగో గడి చాలా ముఖ్యం. "మృతులు", "ధ్రువీకరించిన మృతులు", "మృతి చెంది ఉంటారని అనుమానం", "గల్లంతు", ఈ నాలుగూ వేర్వేరు లెక్కలు. టీవీ స్క్రోలింగులో నాలుగూ కలిసిపోతాయి.

మరియాకు ఈ నోట్‌బుక్ రాస్తే ఇలా ఉంటుంది. 2017 సెప్టెంబరు 20న యబుకోవా దగ్గర తీరం దాటింది, గంటకు దాదాపు 250 కిలోమీటర్ల గాలి. అక్టోబరు 3న అధ్యక్షుడు ట్రంప్ దీవికి వచ్చేనాటికి అధికారిక లెక్క 16. ఆయన ఆ అంకెను 2005లో అమెరికా దక్షిణ తీరాన్ని ముంచిన కత్రినా హరికేన్‌తో పోల్చి, అందులో వేలమంది పోయారంటూ, మీరు గర్వపడాలి అన్న ధోరణిలో మాట్లాడారు. ఆయన వెళ్లిపోయాక అదే రోజు దీవి గవర్నర్ రికార్డో రోసెల్లో 34 అన్నారు. డిసెంబరు మొదట్లో 64 అయింది. అక్కడ ఆగిపోయింది, ఎనిమిది నెలలకు పైగా. 2018 ఆగస్టు 28న ప్రభుత్వం అధికారికంగా 2,975 అని ఒప్పుకుంది.

64 నుంచి 2,975. మధ్యలో కొత్త తుఫాను ఏదీ రాలేదు. సమాధుల్లో కొత్తగా ఎవరూ దొరకలేదు. లెక్కవేసే తీరు మారింది, అంతే. కాబట్టి ఏ అంకె విన్నా దాని వెనక ఉన్న తీరును పట్టుకోవడమే మీ మొదటి పని.

ఏది "తుఫాను చావు"? ఇది అడగకుండా ముందుకెళ్లొద్దు

ఒక పెద్దాయన ఉన్నాడనుకుందాం. డెబ్బై రెండేళ్లు, ఊపిరితిత్తుల జబ్బు, ఇంట్లో కరెంటుతో నడిచే ఆక్సిజన్ మెషీన్. తుఫాను రాత్రి ఇంటి కప్పు నిలిచింది, ఆయనకు గీత కూడా పడలేదు. మర్నాటి నుంచి కరెంటు లేదు. కొడుకు పక్కింటి జనరేటర్ నుంచి వైరు లాగాడు. నాలుగు రోజులకు డీజిల్ అయిపోయింది, బంకు ముందు ఆరేడు గంటల క్యూ. పన్నెండో రోజు తెల్లవారుజామున పెద్దాయన పోయాడు. డాక్టరు వచ్చి చూసి సర్టిఫికెట్ మీద రాసింది: శ్వాస ఆగిపోవడం, దానికి కారణం దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధి. రాసినదాంట్లో అబద్ధం ఒక్క అక్షరం లేదు. కానీ తుఫాను ఆ కాగితం మీద లేదు. కాగితం మీద లేని తుఫాను లెక్కలోనూ ఉండదు.

మరియాలో ఎక్కువమంది పోయింది ఇలాగే. మొత్తం దీవిలో కరెంటు పోయింది. పూర్తిగా తిరిగి రావడానికి దాదాపు పదకొండు నెలలు పట్టింది. డయాలసిస్ వారానికి మూడుసార్లు చేయించుకోవాల్సినవాళ్లకు రెండుసార్లు, ఒక్కసారి అయింది. ఫ్రిజ్ లేక ఇన్సులిన్ పాడైంది. మంచినీళ్లు లేక వాగునీళ్లు తాగినవాళ్లకు లెప్టోస్పైరోసిస్, అంటే మనవాళ్లు ఎలుక జ్వరం అనేది, వచ్చింది. 108 లాంటి నంబరుకు ఫోన్ చేద్దామంటే టవర్లు లేవు. అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్లు తర్వాత ఇంటింటికీ తిరిగి అడిగితే, ఆ ఏడాది డిసెంబరు చివరి వరకు చూస్తే సగటున ఒక్కో ఇంట్లో 84 రోజులు కరెంటు లేదు, 68 రోజులు నీళ్లు లేవు, 41 రోజులు ఫోన్ సిగ్నల్ లేదు. హుద్‌హుద్ తర్వాత విశాఖలో ఉన్నవాళ్లు ఆ కొన్ని రోజులు ఎలా గడిచాయో తలుచుకుని, దాన్ని పదింతలు చేసుకోండి.

నిపుణులు దీన్ని రెండుగా చూస్తారు. గోడ కూలి, చెట్టు పడి, నీటిలో కొట్టుకుపోయి పోతే నేరుగా పోయినట్టు. మందు అందక, కరెంటు లేక, ఆస్పత్రి చేరలేక పోతే పరోక్షంగా పోయినట్టు. రెండూ తుఫాను చావులే. అమెరికాలో వ్యాధి నియంత్రణ సంస్థ సూచనలు కూడా అదే చెబుతాయి. కాబట్టి ఏ అధికారి అంకె చెప్పినా ఈ ఒక్క ప్రశ్న అడగండి: "సార్, ఇందులో కరెంటు లేక, మందు అందక పోయినవాళ్లు ఉన్నారా?" జవాబు "లేదు" అయితే నోట్‌బుక్‌లో ఆ అంకె పక్కన "నేరుగా పోయినవారు మాత్రమే" అని రాసుకోండి. జవాబు "ఉన్నారు" అయితే "ఎలా తెలిసింది?" అని అడగండి. ఆ రెండో ప్రశ్నకే ఎక్కువమంది ఆగిపోతారు.

మనిషి లెక్కలోకి ఎక్కే దారిని గీయండి

చనిపోయిన చోటు నుంచి చివరి అంకె వరకు ఎన్ని చేతులు మారాలో ఒక కాగితం మీద గీయండి. ఎక్కడ దారి సన్నబడుతుందో అక్కడే మనుషులు జారిపోతారు.

ప్యూర్టో రికోలో ఆ దారి ఇలా ఉండేది. ఏ చావైనా తుఫాను చావుగా లెక్కకు రావాలంటే రాజధాని శాన్ హువాన్‌లో ఉన్న ఫోరెన్సిక్ సంస్థ ధ్రువీకరించాలి. ఒకటి, శవాన్ని అక్కడికి తీసుకెళ్లాలి. లేదా అక్కడి డాక్టరు మీ ఊరు రావాలి. రోడ్లు తెగిపోయి, వంతెనలు కొట్టుకుపోయి, పెట్రోలు లేని రోజుల్లో కొండల్లో ఉన్న పల్లె నుంచి ఇది ఎలా జరుగుతుంది? కుటుంబాలు తమ మనుషులను తమ ఊళ్లోనే ఖననం చేశాయి, దహనం చేశాయి. తుఫాను తర్వాత తొలి వారాల్లో తొమ్మిది వందలకు పైగా మృతదేహాల దహనానికి ప్రభుత్వమే అనుమతులు ఇచ్చింది, అందులో చాలావాటిని ఎవరూ పరీక్షించలేదు. ఈ సంగతి 2017 అక్టోబరులో విలేకరులు బయటపెట్టారు.

అధికారుల దారి మూసుకుపోతే శవం తప్పక వెళ్లే ఇంకో చోటు ఉంటుంది. అక్కడికి వెళ్లండి. అమెరికా టీవీ చానల్ సీఎన్ఎన్ విలేకరులు నవంబరులో దీవిలోని దాదాపు సగం అంత్యక్రియల సంస్థలకు, 112 చోట్లకు, ఫోన్లు చేసి, వెళ్లి అడిగారు: మీ దగ్గరికి వచ్చినవాళ్లలో తుఫాను వల్ల పోయారని మీరనుకునేవాళ్లు ఎందరు? 499 అని వచ్చింది. అప్పటికి ప్రభుత్వ లెక్క 55. ఆ 499 ఖచ్చితమైన అంకె అని ఎవరూ అనలేదు, కానీ 55 నిలవదని ఆ ఒక్క పనితో తేలిపోయింది.

మన దగ్గర దీనికి సమానం శ్మశానం కాపలాదారు రిజిస్టరు, మున్సిపల్ దహనవాటిక రసీదు పుస్తకం, మార్చురీ రిజిస్టరు, చర్చి ఖనన పుస్తకం, మసీదు కమిటీ దగ్గర కబరస్థాన్ లెక్క. 2021 వేసవిలో కోవిడ్ సమయంలో మన విలేకరులు చేసింది కూడా ఇదే. బాగా చేశారు.

పోయినవాళ్ల లెక్క వదిలేసి, మామూలుగా ఎందరు పోతారో చూడండి

ఈ పద్ధతి పేరు అదనపు మరణాలు. పేరు పెద్దది, పని చిన్నది. మామూలు ఏడాది ఇదే నెలలో ఎందరు పోతారు? ఈ ఏడాది ఎందరు పోయారు? తేడా ఎంత? ఎవరి సర్టిఫికెట్ మీద ఏం రాశారన్నదానితో దీనికి పని లేదు. ఆ ఆక్సిజన్ పెద్దాయన ఇందులో తప్పిపోడు.

న్యూయార్క్ టైమ్స్ 2017 డిసెంబరులో ఇదే చేసింది. ప్యూర్టో రికో జనన మరణ రిజిస్ట్రీ నుంచి రోజువారీ మరణాలు తీసుకుంది. సెప్టెంబరు 25న, తుఫాను వెళ్లిపోయిన అయిదో రోజు, 135 మంది పోయారు. ముందు ఏడాది అదే రోజున 75. తుఫాను తర్వాత 42 రోజులు కలిపి చూస్తే, మామూలుకంటే 1,052 మంది ఎక్కువ పోయారు. ప్రభుత్వం మాత్రం 64 దగ్గరే ఉంది.

మీ మండలానికో, పట్టణానికో మీరే చేయాలనుకుంటే ఇలా చేయండి. తుఫాను వచ్చిన నెలకు గత అయిదేళ్ల మరణాలు తీసుకోండి. 40, 44, 42, 39, 45 అనుకుందాం. సగటు 42. ఈ ఏడాది 61 అయితే తేడా 19. మామూలు ఏడాదుల్లో కూడా 39 నుంచి 45 దాకా ఊగుతోంది కాబట్టి, ఈసారి 46 వచ్చినా, 47 వచ్చినా గొడవ చేయలేం. 61 మాత్రం ఆ ఊపుకు చాలా బయట ఉంది. తుఫాను నెల ఒక్కటే కాకుండా తర్వాతి మూడు నాలుగు నెలలు కూడా చూడండి, మందు అందక పోయేవాళ్లు ఆలస్యంగా పోతారు.

మన దగ్గర ఈ లెక్క వేసేటప్పుడు తప్పులు ఎక్కడ దొర్లుతాయో చెప్తాను, వీటి దగ్గరే నేను చాలాసార్లు తడబడ్డాను. రిజిస్టరులో రెండు తేదీలుంటాయి: పోయిన తేదీ, నమోదు చేసిన తేదీ. పోయిన తేదీనే తీసుకోండి. లేకపోతే ఆఫీసు నెల్లాళ్లు మూతపడి ఒకేసారి ఎక్కించినవన్నీ ఒకే నెలలో పోగుపడి కనిపిస్తాయి. రెండోది, మన చట్టంలో మరణం జరిగిన చోటే నమోదవుతుంది. అవనిగడ్డ మనిషి విజయవాడ ఆస్పత్రిలో పోతే విజయవాడ లెక్కలో ఉంటాడు. కాబట్టి ఒక్క పంచాయతీ రిజిస్టరు చూసి "మా ఊళ్లో ఎవరూ ఎక్కువ పోలేదు" అనుకోవద్దు, జిల్లా స్థాయిలో చూడండి. మూడోది, సగటు కట్టేటప్పుడు 2020, 2021 తీసేయండి, ఆ రెండేళ్లు కోవిడ్‌తో పెరిగిపోయాయి. చిన్న ఊళ్లో నెలకు ఇద్దరు ముగ్గురే పోతారు కాబట్టి అక్కడ ఈ లెక్క నిలవదు.

ఇంకో చిక్కు ఉంది. తుఫాను తర్వాత జనం ఊరొదిలి వెళ్లిపోతే? మరియా తర్వాత వచ్చిన నెలల్లో ప్యూర్టో రికో జనాభాలో దాదాపు 8 శాతం దీవి విడిచి వెళ్లారు. మనుషులు తగ్గితే చావులూ తగ్గాలి. కానీ పెరిగాయి. జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ బృందం ఈ వలసను కూడా లెక్కలోకి తీసుకుని 2017 సెప్టెంబరు నుంచి 2018 ఫిబ్రవరి వరకు చూసింది. 2,975 అక్కడి నుంచి వచ్చింది. పేద మున్సిపాలిటీల్లో ఉన్నవాళ్లు, 65 దాటిన మగవాళ్లు అందరికంటే ఎక్కువ పోయారు. మామూలు జనం లెక్క నెలల్లో కిందికి దిగినా, వాళ్లది ఫిబ్రవరి వచ్చినా దిగలేదు. నివేదికలో ఆ వాక్యం చదివినప్పుడు నేను చాలాసేపు అక్కడే ఆగిపోయాను. తుఫాను వెళ్లిపోయింది అని అందరూ అనుకున్న ఆరో నెలలో కూడా పేదవాళ్లకు అది వెళ్లలేదు.

అంచనా అంటే ఒక్క అంకె కాదు, రెండు అంచులు

2018 మే 29న హార్వర్డ్ పరిశోధకుల అధ్యయనం వచ్చింది. వాళ్లు రిజిస్ట్రీ దగ్గరికి వెళ్లలేదు, ఇళ్లకు వెళ్లారు. 3,299 ఇళ్లలో అడిగితే తుఫాను తర్వాత ఆ ఏడాది చివరి వరకు 38 మంది పోయినట్టు తేలింది. వెయ్యిమందికి ఏడాదికి 14.3 అన్నమాట. ముందు ఏడాది అదే కాలంలో 8.8. దీన్ని దీవి మొత్తానికి విస్తరిస్తే 4,645. అయితే అధ్యయనంలోనే రాశారు: అసలు సంఖ్య 793 నుంచి 8,498 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ముప్ఫై ఎనిమిది చావుల మీద దీవి మొత్తం లెక్క కట్టినప్పుడు అంత వెడల్పు సహజం.

పేపర్లు 4,645 ఒక్కటే వేశాయి. జనం దాన్నే నినాదం చేసుకున్నారు. నాకు వాళ్ల మీద ఏ ఫిర్యాదూ లేదు. జూన్ మొదట్లో శాన్ హువాన్‌లో శాసనసభ భవనం ముందు మెట్ల దగ్గర జనం చెప్పులు, బూట్లు తెచ్చి పెట్టడం మొదలుపెట్టారు. పొలం పనికి వెళ్లే బూట్లు, ముసలివాళ్ల చెప్పులు, నర్సులు వేసుకునే తెల్ల షూస్, చంటిపిల్లల బూట్లు. కొన్నింటి మీద చీటీ కట్టి పేరు రాశారు. వందల జతలు పరుచుకుపోయాయి. లెక్కలో పేరు లేని తమ మనుషులకు ఇంకెక్కడ చోటు దొరుకుతుంది?

కానీ మీరు ప్రభుత్వాన్ని అడిగేటప్పుడు ఎప్పుడూ అంచులతోనే మాట్లాడండి. "4,645 మంది పోయారు" అంటే వాళ్లు అధ్యయనంలో పొరపాటు వెతుకుతారు. "మీ అంకె 64. అధ్యయనంలో అన్నింటికంటే తక్కువ అంచు కూడా 793. మీరు ఆ అంచుకు కూడా ఎందుకు రాలేదు?" అంటే తప్పించుకోవడానికి దారి ఉండదు. 2,975కి కూడా అంచులున్నాయి: 2,658 నుంచి 3,290. ఈ లెక్కలో రెండు అంచులూ దగ్గరగా ఉన్నాయి, అందుకే ప్రభుత్వం దీన్ని తోసేయలేకపోయింది.

2018 సెప్టెంబరు 13న ట్రంప్ ట్విట్టర్‌లో, మూడు వేలమంది పోలేదని, ముసలితనంతో పోయినవాళ్లను కూడా జాబితాలో చేర్చారని రాశారు. ఈ మాట మన దగ్గరా వినిపిస్తుంది, కాబట్టి జవాబు తెలిసి ఉండాలి. అదనపు మరణాల లెక్కలో ఎవరినీ ఏ జాబితాలోనూ చేర్చరు. ముసలితనంతో మామూలుగా పోయేవాళ్లు ముందే "మామూలు ఏడాది" లెక్కలో తీసివేయబడతారు. మిగిలింది మామూలుగా పోనివాళ్లే.

ఒక న్యాయమైన సంగతి కూడా చెప్పాలి. లెక్క ఎప్పుడూ పైకే పోదు. కత్రినాకు ఏళ్ల తరబడి 1,833 అని చెప్పుకున్న సంఖ్యను అమెరికా హరికేన్ కేంద్రం 2023లో 1,392కి తగ్గించింది. కొత్త పరిశోధన వస్తే అంకె ఎటైనా కదలొచ్చు. మన పక్షం అంకె తగ్గినా ఒప్పుకోగలిగితేనే ఎదుటివాడిని ఒప్పుకోమని అడిగే హక్కు ఉంటుంది.

కాగితాలు అడగండి

ప్యూర్టో రికోలో ప్రభుత్వం తనంతట తాను ఏదీ ఇవ్వలేదు. అక్కడి పరిశోధనాత్మక జర్నలిజం కేంద్రం, సీఎన్ఎన్ కోర్టుకెక్కాయి. 2018 జూన్‌లో న్యాయమూర్తి మరణాల రికార్డులు ఇవ్వమని ఆదేశించారు. ఆగస్టులో, పునర్నిర్మాణానికి డబ్బు కోరుతూ అమెరికా కాంగ్రెస్‌కు పంపిన నివేదికలో ప్రభుత్వం ఒక చోట చెప్పుకొచ్చింది: తుఫాను తర్వాత నాలుగు నెలల్లో మామూలుకంటే 1,427 మంది ఎక్కువ పోయారని. బయట ప్రజలకు అప్పటికీ 64 అనే చెబుతున్నారు. దీన్ని గుర్తుంచుకోండి. ప్రెస్ మీట్‌లో ఇవ్వని అంకె ఒక్కోసారి డబ్బు అడిగే కాగితంలో దొరుకుతుంది. మన దగ్గర అయితే కేంద్రానికి రాష్ట్రం పంపే నష్టం నివేదిక అలాంటిది.

మన దగ్గర సాధనం సమాచార హక్కు చట్టం. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెలంగాణలోనూ ఇదే పద్ధతి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే సమాచార కమిషన్. "తుఫానులో ఎంతమంది పోయారు?" అని అడగొద్దు, పేపర్లో వచ్చిన అంకె కాపీ చేసి పంపుతారు. ఇలా అడగండి: ఫలానా జిల్లాలో ఫలానా నెలల్లో, మరణించిన తేదీ వారీగా, గత ఆరేళ్లకు నమోదైన మరణాల సంఖ్య. తుఫాను మృతులుగా గుర్తించినవారి మరణ కారణం, గుర్తించిన అధికారి హోదా, తేదీ. తుఫాను మృతులుగా పరిశీలించి తిరస్కరించిన దరఖాస్తుల సంఖ్య, ఒక్కోదానికి కారణం. ఈ చివరిది తప్పక అడగండి, ఎవరూ అడగరు. మనుషుల పేర్లు అడగకండి, వ్యక్తిగత సమాచారం అని మొత్తం దరఖాస్తునే పక్కన పెట్టేస్తారు.

పోయింది మీ ఇంటి మనిషి అయితే

ఇక్కడ లెక్కల సంగతి వదిలేసి ఒక్క కాగితం గురించే మాట్లాడతాను.

చెట్టు పడో, నీటిలో మునిగో పోతే పోలీసులు శవ పంచనామా రాస్తారు. సంతకం పెట్టే ముందు, ఏడుపు ఆపుకుని అయినా సరే, దాన్ని మొత్తం చదివించుకోండి. "ఇంటి గోడ కూలి" అని ఉందా, "తుఫాను గాలికి ఇంటి గోడ కూలి" అని ఉందా చూడండి. ఆ రెండు మాటలు లేకపోవడం వల్ల పరిహారం ఆగిపోయిన ఇళ్లు నాకు తెలుసు. మందు అందకో, కరెంటు లేకో పోతే, ఆస్పత్రిలో అయితే ఆస్పత్రి డాక్టరు, ఇంట్లో అయితే చివరిసారి చూసిన డాక్టరు మరణ కారణ పత్రం ఇస్తారు. అందులో తక్షణ కారణం, దాని వెనక కారణం, దాని వెనక కారణం అని వరుసగా గీతలుంటాయి. కింద "ఇతర పరిస్థితులు" అని మరో గీత ఉంటుంది. అబద్ధం రాయమని ఎవరినీ అడగొద్దు. జరిగింది చెప్పండి: "డాక్టర్ గారూ, పన్నెండు రోజులు కరెంటు లేదు, మెషీన్ ఆగింది. ఆ సంగతి ఇక్కడ రాయండి." చాలామంది డాక్టర్లకు ఇలా రాయొచ్చని తెలియదు. ప్యూర్టో రికోలోనూ అంతే, విపత్తు సమయంలో సర్టిఫికెట్ ఎలా రాయాలో డాక్టర్లకు శిక్షణ లేదని జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ నివేదికే తేల్చింది.

మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించండి. ఆలస్యమైతే నెల లోపు అపరాధ రుసుముతో, ఏడాది లోపు జిల్లా రిజిస్ట్రారు అనుమతితో, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వుతో చేసుకోవచ్చు. విపత్తు సహాయ నిధి కింద మృతుల కుటుంబానికి వచ్చేది 4 లక్షల రూపాయలు. దానికి మరణ కారణాన్ని సంబంధిత అధికారి ధ్రువీకరించాలి. అందుకే పైన కాగితం మీద ఉన్న మాటలు అంత ముఖ్యం.

గల్లంతైనవాళ్ల సంగతి వేరు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్లను గుర్తుపట్టే వీలు లేక సామూహికంగా దహనం చేశారు. అధికారిక లెక్క పది వేలు దాటింది, దివిసీమ జనం చెప్పుకునే లెక్క దానికి కొన్ని రెట్లు. 1996 నవంబరు కోనసీమ తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు, వేటకు వెళ్లిన మత్స్యకారులు ఇంకా ఎందరో తిరిగి రాలేదు. మనిషి దొరకకపోతే మామూలు చట్టం ప్రకారం ఏడేళ్లు ఆగాలి. కానీ పెద్ద విపత్తుల్లో ప్రభుత్వం ప్రత్యేక పద్ధతి పెట్టొచ్చు. 2013 ఉత్తరాఖండ్ వరదల తర్వాత అలా పెట్టి గల్లంతైనవాళ్లకు మరణ పత్రాలు ఇచ్చారు. కాబట్టి మొదటి వారంలోనే పోలీస్ స్టేషన్‌లో గల్లంతు కేసు పెట్టి ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి. బోటు యజమానితో ఎవరెవరు ఎక్కారో రాయించి సంతకం తీసుకోండి. ప్రత్యేక పద్ధతి కావాలని కలెక్టరుకు ఊరి తరఫున ఒకే అర్జీ పెట్టండి, ఒక్కొక్కరుగా పెడితే ఒక్కొక్కటిగా పక్కకు పోతాయి.

హ్యూస్టన్‌లో, ఫ్లోరిడాలో ఉన్న మనవాళ్లకు: అక్కడ ఫెమా, అంటే అమెరికా ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ, అంత్యక్రియల ఖర్చు ఇస్తుంది, కానీ మరణం విపత్తు వల్లే, నేరుగానో పరోక్షంగానో, జరిగిందని మరణ పత్రమో మెడికల్ ఎగ్జామినర్ లేఖో చూపాలి. మరియా తర్వాత 2018 జూలై చివరికి వచ్చిన 2,431 దరఖాస్తుల్లో 75 మాత్రమే మంజూరయ్యాయి. మీ సర్టిఫికెట్ మీద తుఫాను మాట లేకపోతే సవరణకు అడగండి, ఆ హక్కు ఉంది.

ఏ ఆఫీసుకు అర్జీ ఇచ్చినా రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర, తీసుకున్నవారి సంతకం వేయించుకోండి. "తర్వాత వేస్తాం" అంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఆ ప్రతిని, పంచనామా కాపీని, ఎఫ్ఐఆర్‌ను ఒకే కవర్లో పెట్టి, ఇల్లు తడిసినా తడవని చోట ఉంచండి.